రెండో సెగ పెట్టని మనిషి

ఆయన పోయాడని శీను ఫోన్ చేసినప్పుడు నేను వంటింట్లో కూర్చుని తొక్కుకు మామిడికాయలు కొడుతున్నాను. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని "అట్లనా" అన్నాను. కాయ కొట్టడం ఆపలేదు. ఎప్పుడు, ఎట్లా అని కూడా అడగలేదు. శీనే చెప్పాడు. పొద్దున షెడ్డు తాళం తీస్తూ తీస్తూ పడిపోయాడట, దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయిందట.

"వస్తవా అక్కా?" అన్నాడు శీను.

"రాను."

"సరే తీ" అని పెట్టేశాడు. నేను మిగిలిన కాయలు కొట్టాను. ఉప్పు, కారం, ఆవపిండి కలిపాను. చేతులు కడుక్కున్నాను, కారం పోయాక కూడా ఇంకోసారి కడుక్కున్నాను. అది దుఃఖం కాదు. ఏమిటో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

ఆయన గురించి రాస్తున్నాను కనుక ముందే చెప్పడం మంచిది. ఆయనంటే నాకు పడదు. బతికున్నప్పుడు పడలేదు, ఇప్పుడూ పడదు. పేరు మాత్రం రాయను. జడ్చర్లలో ఆయనను గురువుగారని పిలిచేవాళ్లు కొందరున్నారు. వాళ్లను నొప్పించడం నా ఉద్దేశం కాదు. పేరు లేకపోయినా గుర్తుపడితే నేనేం చేయలేను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నాకు జడ్చర్ల దగ్గరి ప్రభుత్వ బడికి బదిలీ అయింది. భౌతికశాస్త్రం చెబుతాను. బోర్డు మీద ఎంత చక్కగా గీసినా పిల్లలకు ఎక్కనిది, తిరిగే చక్రం ఒకటి చేతిలో పెడితే ఎక్కుతుంది. అట్లా బడికోసం మొదలైన బొమ్మల పని మెల్లగా నా సొంత పిచ్చిగా మారింది. ఆదివారం వస్తే చాలు, ఏదో ఒకటి కోసి, రుద్ది, బిగించి తిప్పి చూడాలి. నాలాగే ఈ పిచ్చి ఉన్న శీను రైల్వేలో సిగ్నళ్ల పని చేస్తాడు. తీరికున్నప్పుడు అరచేతిలో పట్టే ఆవిరి ఇంజన్లు చేస్తాడు. అతనే నన్ను ఆయన దగ్గరికి తీసుకుపోయాడు.

ఆయన హైదరాబాదులో ఒక పెద్ద ఫ్యాక్టరీలో అచ్చులూ పనిముట్లూ తయారుచేసే విభాగానికి ఫోర్మన్‌గా చేసి రిటైరయ్యాడు. స్టేషను వెనక ఇల్లు, ఇంటి వెనక రేకుల షెడ్డు. షెడ్డులో కడ్డీని తిప్పుతూ చెక్కే లేత్ మిషను ఒకటి, ఒక డ్రిల్లింగు మిషను, గోడ పొడుగునా అరలున్న ఇనుప రాకు. ఆ రాకు నిండా కడ్డీలు, పట్టీలు, దిమ్మలు. ఇనుము, ఉక్కు, ఇత్తడి, అల్యూమినియం, తెల్లటి నైలాను. దేని మీదా పేరు ఉండదు, రంగు గీత ఉండదు. ఎందుకు రాసుకోరని ఒకసారి ఎవరో అడిగితే "పేరు రాసుకునేటోడు మర్చిపోయేటోడు" అన్నాడు. అడిగిన మనిషి మళ్లీ షెడ్డులో కనిపించలేదు.

మనిషి సన్నగా, నిటారుగా ఉండేవాడు. తెల్ల బనియను, ఖాకీ ప్యాంటు, దారంతో మెడకు వేలాడే కళ్లద్దాలు. పగలంతా నూనెలో, ఇనుప రజనులో పనిచేసినా ఆ బనియను మీద ఒక్క మచ్చ ఉండేది కాదు. మిగతా అందరం బొగ్గు గనిలోంచి వచ్చినట్టుండేవాళ్లం. నవ్వితే చప్పుడు రాదు, భుజాలు మాత్రం కదులుతాయి. ఆ భుజాలు కదిలాయంటే ఎవరికో మూడిందని అర్థం.

నేను మొదటిరోజు ఒక ఇత్తడి కడ్డీ పట్టుకుపోయాను. నీటిచక్రం నమూనాకు ఇరుసు చేయాలని. ఆయన దాన్ని వేళ్ల మధ్య ఆడించాడు, ఇనుప దిమ్మ మీద ఒకసారి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. తరువాత నా వైపు చూడకుండానే దాన్ని మూలనున్న చెత్తడబ్బాలోకి విసిరేశాడు.

"సార్, అది నాది" అన్నాను.

"గది ఇత్తడి కాదు టీచరమ్మా. ఇత్తడి రంగు పూసుకున్న సరుకు. గట్లాంటివి మస్తుగుంటయి లోకంల."

ఆయన అన్నది నిజమే. ఆకురాయితో రాకితే లోపల బూడిదరంగు కనబడింది. అయినా డబ్బాలోంచి నా చేత్తో తీసుకుని చూసుకోవలసి వచ్చింది, నలుగురి ముందు వంగి. ఆయనతో నా కష్టమంతా ఇదే. మాట తప్పుగా ఉంటే తిట్టి వెళ్లిపోవచ్చు. ఆయన మాట ఎప్పుడూ ఒప్పే ఉండేది. ఆ ఒప్పుతో అవతలి మనిషిని గీరేవాడు.

ఆదివారాలు ఆయనకు ఒక ఆట ఉండేది. బల్ల మీద నాలుగైదు ముక్కలు పెట్టి గుడ్డ కప్పేవాడు. కళ్లు మూసుకుని బరువును బట్టి, చప్పుడును బట్టి ఏది ఏమిటో చెప్పాలి. తప్పు చెప్పినవాళ్లు షెడ్డు ఊడవాలి. అందులో తప్పేముంది, సరదాయే కదా అని మొదట్లో అనుకున్నాను. కొన్నాళ్లకు గమనించాను, నేను ఒప్పు చెప్పిన రోజు ఆయన ఆటను మధ్యలోనే ఆపేసేవాడు.

చాయ్ సంగతి కూడా చెప్పాలి. ఆయన భార్య, నెమ్మదైన మనిషి, అందరికీ స్టీలు గ్లాసుల్లో చాయ్ తెచ్చేది. నాకు కాగితం కప్పు. మొదటిసారి ఆమె నాకూ గ్లాసే అందించబోయింది. "టీచరమ్మకు చెయ్యి కాల్తది, కాయితం కప్పుల పొయ్యి" అన్నాడాయన. నా ఊరేది, ఇంటిపేరేది, మేము ఏ చర్చికి పోతామో అంతకు కొద్దిసేపటి ముందే నన్ను అడిగి తెలుసుకున్నాడు. నా చెయ్యి ఏ వేడికీ కాలదని ఆయనకు తెలుసు. మా అమ్మా నాయినా ఇంకొకరి చెల్కల్లో కూలి చేసి నన్ను చదివించారు. చాయ్ తాగకుండా కప్పు కిటికీలో పెట్టాను. తరువాత ఆదివారం కూడా పోయాను. ఎందుకు పోయావంటే, ఆ చుట్టుపక్కల లేత్ మిషను ఉన్న షెడ్డు, ఊరికే పని చేసుకోనిచ్చే షెడ్డు అదొక్కటే. ఇష్టమైన పని కోసం మనిషి ఎంత మింగుతాడో నాకు అక్కడే తెలిసింది.

ఒక్క ఆదివారం మాత్రం ఆయన మంచిగా ఉన్నాడు. దాచడం ఎందుకు, అదీ రాస్తాను.

మా తమ్ముడు యాకోబు దేవరకొండ దగ్గర మా ఊళ్లోనే ఉంటాడు. కూలి చేసిన చేతులతోనే కొంత ఎర్ర చెల్క కొనుక్కుని పత్తి వేస్తాడు. పత్తి ఏరడం అయిపోయాక ఎండిన కట్టెను వేళ్లతో సహా పీకాలి. ఆ చెల్క ఎండితే రాయిలా బిగుసుకుంటుంది. చేతులకు గుడ్డలు చుట్టుకుని పీకినా అరచేతులు చీరుకుపోతాయి. దానికి నేనొక పనిముట్టు చేస్తానన్నాను. పొడుగాటి పిడి, కింద పళ్లున్న రెండు దవడలు. దవడలు కట్టె మొదట్లో పట్టుకుంటే, పిడిని కిందికి నొక్కగానే వేరు లేచి రావాలి. కాగితం మీద గీసి ఆయనకు చూపించాను.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఏమీ అనకుండా లేచి, రాకులోంచి తెల్లటి నైలాను పలక తీసి, రంపంతో దవడ ఆకారం కోసి, పెరట్లోని వేపకొమ్మ మీద నా చేత పట్టించి చూశాడు. జారింది. పళ్ల వాలు మార్చి మళ్లీ కోశాడు. మళ్లీ జారింది. మూడో ముక్క పట్టుకుంది.

"చూసినవా? తప్పు చేసేదుంటే అగ్గువకు దొరికే సరుకు మీద చెయ్యాలె, మెత్తటి సరుకు మీద చెయ్యాలె. ఆకారం కుదిరినంక సాదా ఉక్కుతోని ఒకటి చేసి పొలంల తిప్పు. అది వంగుతది. యాడ వంగిందో చూస్తే యాడ బలం కావాల్నో అదే చెప్తది. అప్పుడు పో, గట్టిదాని తెరువు."

నమూనా ముక్కలకు సరుకు ఎట్లా ఎంచుకోవాలో ఇంతకంటే బాగా ఎవరూ నాకు చెప్పలేదు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఇదే చెబుతాను. ఆయన చెప్పాడని మాత్రం చెప్పను.

గొడవ ఆ తరువాతి ఆదివారం వచ్చింది. యాకోబు భార్యకు నెలలు నిండుతున్నాయి. చెల్కలో వాడొక్కడే కట్టె పీకుతున్నాడు. సాదా ఉక్కుతో ఒకటి చేసి, వంగినదాకా చూసి, మళ్లీ ఇంకొకటి చేసేంత సమయం లేదు. అందుకని నేను లారీ చక్రాల పైన ఉండే కమాను పట్టీ ముక్క సంపాదించాను. మంచి ఉక్కు. దాన్ని కాల్చి బూడిదలో మెల్లగా చల్లార్చి మెత్తబరిచి, దవడలు కోసి, పళ్లు రుద్ది తీసుకుపోయాను. ఇక వాటిని మళ్లీ గట్టిపరచాలి. దానికి తగిన కొలిమి ఆయన షెడ్డులోనే ఉంది.

ఆయన దవడలు చూసి ముఖం చిట్లించాడు. "సాదా ఉక్కుతోని చెయ్యమంటి కద?"

"టైం లేదు సార్. సీజన్ దాటిపోతది."

"మీవోళ్లకు గింత తొందరేంది?" అన్నాడు, షెడ్డులో ఉన్న అందరికీ వినబడేట్టు. "ఒక్కసారే పైమెట్టు ఎక్కాల్నంటరు."

నేను సాధారణంగా ఊరుకుంటాను. ఆ రోజు ఊరుకోలేదు. "మస్తు దినాలు కిందనే కూసున్నం సార్. గందుకే తొందర" అన్నాను.

శీను పకపకా నవ్వాడు. పక్కనున్న ఇద్దరు ముగ్గురూ నవ్వారు. ఆయన షెడ్డులో ఆయన మీద ఎవరైనా నవ్వడం నేను చూసింది అదొక్కసారే. ఆయన కోప్పడలేదు. భుజాలు కదిలాయి.

"సరే. పెట్టి పో. రేపు సాయంత్రం తీస్కపో" అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, కష్టమైనదేమీ కాదు. ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గాజంత గట్టిపడుతుంది, గాజంత పెళుసు కూడా అవుతుంది. అందుకని దానికి రెండోసారి సన్నటి సెగ పెట్టాలి. అప్పుడు గట్టిదనం కొంచెం తగ్గుతుంది, పెళుసుతనం చాలావరకు పోతుంది, విరగకుండా ఆగుతుంది. ఇది నాకు తెలుసు. పుస్తకాల్లో చదివాను, ఆ షెడ్డులోనే చూశాను కూడా.

మరునాడు బడి వదిలాక పోయాను. దవడలు గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టి ఉన్నాయి. నిగనిగలాడుతున్నాయి. ఆయన వాటిని తోమి తుడిచి ఉంచాడు.

"రెండో సెగ కూడా పెట్టిన్రు కద సార్?" అని అడిగాను.

"నాకు చెప్తున్నవా?" అన్నాడు.

ఆ జవాబును నేను అవునని అర్థం చేసుకున్నాను. ఎవరైనా అట్లాగే అనుకుంటారు. జీవితమంతా ఉక్కుతో గడిపిన మనిషిని ఇంకోసారి ఎట్లా అడుగుతాం? వంటమనిషిని అన్నం ఉడికిందా అని రెండుసార్లు అడగం కదా.

శనివారం ఊరికి పోయి, దవడలకు పిడి బిగించి యాకోబుకు ఇచ్చాను. మొదటి సాళ్లలో కట్టెలు వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు వచ్చాయి. వాడు చిన్నపిల్లాడిలా ఎగిరాడు. "అక్కా, గిది మస్తుంది! ఊరంత అడుగుతది సూడు" అన్నాడు. మా మరదలు గట్టు మీద కూర్చుని పొట్ట మీద చెయ్యి వేసుకుని నవ్వుతోంది. తరువాత ఒక లావుపాటి కట్టె వచ్చింది. వాడు వంగి, దవడలు సరిగ్గా పట్టాయో లేదో చూస్తూ, పిడి మీద బరువంతా వేశాడు.

టప్పుమని చప్పుడైంది. అంతే. పటాకు పేలినంత చప్పుడు కూడా కాదు. యాకోబు ముఖం మీద చెయ్యి పెట్టుకుని "పురుగు తాకిందక్కా" అన్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం కారేదాకా వాడు పురుగనే అనుకున్నాడు.

దేవరకొండ, నల్గొండ, అక్కణ్నుంచి హైదరాబాదు. ప్రతిచోటా డాక్టరు టార్చి వేసి చూసి, తల అడ్డంగా ఊపి ఇంకో ఊరికి రాసిచ్చేవాడు. చివరికి ఎడమ కన్ను తీసేశారు. మరదలు ఆ వారమే ప్రసవించింది. యాకోబు బిడ్డను మొదటిసారి ఒక్క కంటితో చూశాడు.

కంట్లోకి ఎగిరింది దవడ పెచ్చు; విరిగిన మిగతా ముక్క నా సంచిలోనే ఉంది. విరిగిన చోట ఉక్కు చక్కెర పలుకుల్లా మెరుస్తోంది. ఆ మెరుపు చూడగానే నాకు అర్థమైంది. అయినా ఆయన నోటితో వినాలని, తమ్ముడు ఇల్లు చేరాక వచ్చిన ఆదివారం షెడ్డుకు పోయాను. శీను ఉన్నాడు, ఇంకా ఇద్దరున్నారు. ముక్కను బల్ల మీద పెట్టాను.

ఆయన దాన్ని తీసుకుని వెలుగులోకి తిప్పాడు. "చూడు, చక్కెర లెక్క మెరుస్తాంది. పెళుసు" అన్నాడు, పాఠం చెబుతున్నట్టు.

"రెండో సెగ పెట్టలేదా?"

"పెట్టలే."

"మర్చిపోయిన్రా?"

"నేనా? మర్చిపోవుడా?" నిజంగానే ఆయనకు అవమానంగా తోచింది. "నువ్వు గట్టిది కావాలంటివి. గట్టిదే ఇచ్చిన. గట్టిది ఏం చేస్తదో చూస్తివి కద. ఇగ జన్మల మర్చిపోవు."

"మా తమ్ముని కన్ను పోయింది సార్."

ఆ ఒక్క క్షణం ఆయన ముఖంలో ఏదో మారింది. పెదవులు తెరుచుకున్నాయి. నేను చూశాను. ఆ క్షణంలో ఆయన తల దించుకుని ఉంటే ఈ రాత ఇంకోలా ఉండేది. ఆయన కళ్లద్దాలు తీసి బనియను అంచుతో తుడిచాడు.

"అద్దాలు పెట్టుకొని చెయ్యమని చెప్పలేదా వానికి?" అన్నాడు.

ఆ మాట తరువాత నేనేమన్నానో నాకు గుర్తు లేదు. శీను నన్ను భుజం పట్టుకుని గేటు దాకా తీసుకొచ్చాడట. మళ్లీ ఆ షెడ్డు గడప తొక్కలేదు.

కేసు పెట్టమని కొందరన్నారు. యాకోబే వద్దన్నాడు. "ఏమని పెడ్తమక్కా? ఇనుము ఇరిగిందని పెడ్తమా?" వాడు కోపిష్టి కాదు, పిరికివాడూ కాదు. జరిగినదాన్ని నిలబెట్టి చెప్పే తీరు వాడికి దొరకలేదు, నాకూ దొరకలేదు. ఆయన అబద్ధం చెప్పలేదు కదా. అడిగినదానికి జవాబు చెప్పలేదు, అంతే. తరువాతి సీజనుకు నేను సాదా ఉక్కుతో ఇంకో జత దవడలు చేశాను, దేవరకొండలో ఒక వెల్డింగు షాపులో కిరాయి కట్టి. అవి వంగాయి. సుత్తెతో కొట్టి సరిచేసుకుని వాడు వాటితోనే పని సాగిస్తున్నాడు. ఆ తరువాత నేను అప్పుచేసి ఒక చిన్న లేత్ మిషను కొనుక్కున్నాను. నా దగ్గర ప్రతి కడ్డీకీ రెండు చివరలా రంగు ఉంటుంది, పేరు ఉంటుంది.

ఆయన పోయిన కొన్నాళ్లకు ఆయన భార్య ఫోన్ చేసింది. "బిడ్డా, జర వస్తవా? మా కొడుకు ఆ ఇనుమంత పాత సామాన్లోనికి ఏస్తానంటుండు. ఏది ఏందో మాకెవ్వరికీ ఎర్క లేదు. ఆయన పెళుసు ముక్కలు గిట్ల పెట్టి పోయిండేమో, ఎవ్వలన్న తీస్కపోతే మళ్ల ఏమన్నయితదేమో అని భయమైతాంది."

ఆ చివరి మాట లేకపోతే పోయేదాన్ని కాదు.

షెడ్డులో నూనె వాసన అట్లాగే ఉంది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా రాకు మొత్తం దించాను. అయస్కాంతం పెట్టి చూడడం, ఆకురాయితో గీరడం, సానరాయికి ఆనించి రవ్వల రంగు చూడడం. మధ్యలో ఒక కడ్డీని దిమ్మ మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను. అచ్చం ఆయన పెట్టుకున్నట్టే, తల అదే పక్కకు వంచి. ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను. కడ్డీ కింద పడేసి బయటికి వచ్చి పంపు కింద చేతులు కడుక్కున్నాను. మళ్లీ లోపలికి పోయాను. పని సగంలో ఉంది మరి.

ఆకురాయి జారిపోయే ముక్కలు, అంటే కాల్చి ముంచి వదిలేసినవి, విడిగా కుప్ప పెట్టాను. చిన్న కుప్ప కాదు. "వీటిని ఎవ్వరికీ ఇయ్యొద్దమ్మా" అన్నాను.

ఆమె గడప మీద కూర్చుని ఆ కుప్పనే చూస్తోంది. "మావాని చెయ్యి చూసినవా ఎప్పుడన్న?" అంది. కొడుకు మహబూబ్‌నగర్‌లో ఉంటాడు, నేను చూడలేదు. "వాడు పిల్లగాడప్పుడు ఓ ఇనుప ముక్క వాని చేతుల పెట్టిండు. నల్లగ ఉంటే సల్లగ ఉన్నట్టు కాదు, నేర్చుకో అని. అరచెయ్యి ముడుసుకపోయింది. చావుకు వచ్చిండు, తలకొరివి పెట్టిండు. ఈ షెడ్డు దిక్కు మాత్రం తొంగి చూడలే."

ఇన్నేళ్లూ ఆయన నాకు ఒక్కదానికే ఆ పని చేశాడనుకున్నాను. నా ఊరును బట్టి, నేను ఆడదాన్నని, నలుగురి ముందు మాట తిప్పికొట్టానని. సొంత కొడుకుకూ చేశాడా?

"అప్పుడు ఆయన ఏమన్నడు?" అని అడిగాను.

"ఏమనలే. పిల్లగాన్ని ఎత్తుకొని రోడ్డెమ్మటి దవాఖానకు ఉరికిండు, చెప్పులు గిట్ల లేకుంట. చెయ్యి మానేదాంక అన్నం సరిగ తినలే."

"మా తమ్ముని దగ్గరికి రాలే."

ఆమె నా ముఖంలోకి చూసి, మెల్లగా చూపు దించుకుంది. "రాలే. పోదామని నేనన్న. గేటు దాటలే." "నేను పోవచ్చా బిడ్డా? గా పిల్లగాన్ని ఒక్కసారి చూసొస్త" అంది.

వద్దనడానికి నోరు రాలేదు. రమ్మనడానికీ రాలేదు. వచ్చే ఆదివారం ఊరికి పోతున్నానని మాత్రం చెప్పాను. ఆ ఆదివారం పొద్దున ఆమె బస్టాండులో నాకంటే ముందే వచ్చి కూర్చుంది. కల్వకుర్తిలో బస్సు మారాం. దారంతా పెద్దగా మాట్లాడుకోలేదు.

యాకోబు వాకిట్లో మంచం వేశాడు. ఆమె కూర్చుంది, వాడు ఎదురుగా అరుగు మీద కూర్చున్నాడు. కన్ను ఉండవలసిన చోటు వైపు ఆమె చూసింది, చూపు తిప్పుకోలేదు. కొంగు వేళ్లకు చుట్టుకుంటూ మొదలుపెట్టింది. "కొడుకా, ఆయన తరపున నేను…"

"ఆయన తరపున ఒద్దమ్మా" అన్నాడు యాకోబు, గొంతు పెంచకుండా. "ఆయనున్నప్పుడు రాలే, ఇగ ఎందుకు? మీ తరపున ఏమన్న ఉంటే చెప్పుండ్రి."

వాకిట్లో కోళ్లు తిరుగుతున్నాయి. మా మరదలు నీళ్ల చెంబు పట్టుకుని గడపలోనే ఆగిపోయింది.

"నాకు గా దినమే ఎర్కయింది" అంది చివరికి. "షెడ్డులకెల్లి నవ్వుకుంట ఇంట్లకొచ్చిండు. టీచరమ్మకు పాఠం చెప్తున్న, రెండో సెగ పెట్టకుంట ఇస్తున్న, ఇరిగితే తెలుస్తది అన్నడు. మీ అక్క ఫోన్ నంబరు నా దగ్గర ఉండె. ఒక్క మాట చెప్తే అయిపోతుండె. ఆయనకు తెలిస్తే ఏమంటడోనని చెప్పలే. ఇనుమే కద, ఇరిగితే ఇరుగుతది అనుకున్న. కన్ను పోతదనుకోలే కొడుకా."

ఆయన మీద ఇన్నేళ్లు మోసిన కోపం ఆమె మీదకు మళ్లుతుందేమోనని చూశాను. మళ్లలేదు. ఆయన మీదే ఇంకొంచెం పెరిగింది. ఒక ఆడమనిషి పక్కింటికి పొయ్యేంత తేలికగా చెప్పగలిగిన ఒక్క మాటను, చెప్పలేని మాటగా చేసి పెట్టాడు. అయినా ఆమె ముఖంలోకి చూడాలనిపించలేదు నాకు. లేచి పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాను.

యాకోబు అరుగు మీద వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి తలెత్తాడు. ఒక్క కంటితో ఎవరినైనా చూడాలంటే వాడు మెడంతా తిప్పాలి. అట్లా తిప్పి ఆమెను చూశాడు.

"మంచిగ చెప్పినవమ్మా. ఇన్నొద్దులు ఎట్ల దాసుకున్నవో గని" అన్నాడు. అందులో క్షమించడం ఉందో లేదో నాకు తెలియలేదు. "ఎండకు ఆగమైతవు. నాలుగింటి బస్సు పోతే మళ్ల లేదు. తిని బయలెల్లు."

ఆమె తిన్నదో లేదో నేను చూడలేదు. నేను పెరట్లో ఉన్నాను.

బస్టాపు ఊరి చివర ఉంది. యాకోబు ఆమె సంచి పట్టుకుని ముందు నడిచాడు. వాళ్ల వెనక కొంచెం దూరంగా నేను. బస్సు వచ్చింది, వాడు ఆమెను ఎక్కించాడు, సంచి కిటికీలోంచి అందించాడు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని వాడితో ఏదో అంటోంది, వాడు మెడ తిప్పి వింటున్నాడు. బస్సు కదిలేదాకా వాడు అక్కడే నిలబడ్డాడట.

నేను ఆ బస్సు ఎక్కలేదు, అక్కడ నిలబడనూ లేదు. అప్పటికే ఇంటి దారి పట్టాను.